ఎదురెదురుగా ఫోను

మొగుడూ పెళ్ళాం ఫోన్లో మాట్లాడుకుంటే వింతేముంది? కానీ ఒకే అరుగు మీద, ఒకే చాప మీద, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకుంటే వింతే మరి. నూకయ్యా అమ్మడూ చేసే పని అదే. ఆవిడ చేతిలో బటన్ల ఫోను. ఆయన చేతిలో పెద్ద ఫోను, చెవుల్లో నల్ల వైర్లు. ఆవిడ ఇక్కడ నొక్కుతుంది, ఆయన అక్కడ ఎత్తుతాడు.

"కూరలో ఉప్పు సరిపోనాదేటి?"

"సరిపోనాదే."

అంతే, పెట్టేస్తారు. మళ్ళీ మజ్జిగ కావాలంటే మళ్ళీ ఫోను.

భోగాపురానికి అవతల, సముద్రం ఒడ్డునున్న వాళ్ళ ఊరు మొదట్లో పడీ పడీ నవ్వింది. ఊరి నోటికి మూతేముంది? మరదలి వరసవాళ్ళు దారికాచి మరీ వెక్కిరించేవాళ్ళు. నూకయ్యకు వినబడదు గనక కోపం వచ్చేది కాదు. అమ్మడికి వినబడుతుంది గనక చేపల తట్ట దించి మరీ తిట్టేది. తిట్టడం అయ్యాక ఇంటికొచ్చి, ఎవర్ని ఎలా తిట్టిందో మొగుడికి ఫోను చేసి చెప్పేది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నూకయ్య మరబోటు ఇంజను డ్రైవరు. మీసాలు రాకముందే విశాఖ హార్బరులో బోటెక్కి, ఇంజను గదిలో బతుకంతా గడిపాడు. ఆ మోతకి ముందు కుడి చెవి పోయింది, తర్వాత ఎడమది. ఎవరో క్యాంపు పెట్టి చెవి మిషనొకటి ఇచ్చారు. పనిచేసిన నాలుగు రోజులూ గాలీ, కాకులూ, గిన్నెలూ, అమ్మడూ అన్నీ కలిసి ఒకటే గోల. తర్వాత ఉప్పుగాలికి అదీ చచ్చింది. ఆపైన కొన్నేళ్ళు నూకయ్య మాటన్నది వినలేదు. చదువు లేదు గనక రాసి చూపించినా లాభం లేదు. చేతిసైగలతోనే కాపురం.

ఆ కాపురానికి మాట తెచ్చినవాడు శివాజీ. నూకయ్య చెల్లెలి కొడుకు. భోగాపురం జంక్షన్‌లో సెల్‌ఫోన్ల షాపు. మావ చెవి దగ్గర ఫోను పెట్టి చూసి, ఇంకాస్త సౌండు ఉంటే వినగలడని వాడికి అనిపించింది. ఫోన్లో సౌండు ఎంతవరకు పెరగాలో కంపెనీవాళ్ళు ఒక ఫైల్లో రాసిపెట్టి ఉంచుతారు. దాన్ని ముట్టుకోవాలంటే ఫోను రూట్ చెయ్యాలి, అంటే కంపెనీ వేసిన తాళం విప్పాలి. శివాజీ చేశాడు. ఆ ఫైలు తెరిచి సౌండు బాగా పైకి తోశాడు. మామూలు మనిషి చెవిలో పెట్టుకుంటే కెవ్వుమని కేక పెట్టాల్సిందే.

"అత్తా, ఏదోటి మాటాడు" అన్నాడు శివాజీ.

ఏం మాట్లాడాలో అమ్మడికి తోచలేదు. "ఏటయ్యా, ఇనపడతన్నాదా? అలాగ నోరు తెరుసుకుని సూత్తావేటి?" అంది.

నూకయ్య గుండెలో ఉన్నది ఎప్పటిదో పడుచు గొంతు. చెవిలో పడింది పొగచూరిన ముసలి గొంతు. "ఏటే, నీ గొంతిలాగైపోనాదేటి?" అన్నాడు. షాపులో జనం గొల్లుమన్నారు. ఆయన మాత్రం అక్కడే స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజే శివాజీ ఫోను చేసి మరీ జాగ్రత్త చెప్పాడు. "మావా, ఇను. ఫోను మనదే గానీ అందులో ఒక గది తాళం కంపెనీవోడి కాడే ఉంటాది. నాను దొంగతాళం సేయించినాను. అప్పుడప్పుడు అప్‌డేటని పైన ఒకటి వస్తాది. దాన్ని నొక్కినావా, కంపెనీవోడొచ్చి తాళం మార్సీసి పోతాడు. మరింక నా సేతిలో నేదు." నూకయ్య బుద్ధిగా తలూపాడు. అది వచ్చినప్పుడల్లా బొటనవేలితో ఈగను తోలినట్టు తోలేసేవాడు.

అలా రెండేళ్ళు హాయిగా గడిచాయి. మూడో ఏడు వేసవిలో అమ్మడి నోట్లో పుండు లేచింది.

ఆ ఒడ్డు మీద ఆడవాళ్ళందరిలాగే అమ్మడిదీ అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. తల మీద తట్ట, రెండు చేతులూ దానికే సరి, ఎదురుగా సముద్రపు గాలి. నిప్పు బయట ఉంటే ఆరిపోదూ? తల్లి కాల్చింది, అమ్మమ్మ కాల్చింది, ఆవిడా కాల్చింది. అంగిట్లో మంటెత్తితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది. నోరు సరిగ్గా తెరుచుకోక, మాట అప్పుడప్పుడు తడబడుతుంటే సిగ్గుపడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలెట్టింది. చివరికి చెల్లెలు గౌరి పోట్లాడి విశాఖ తీసుకెళ్ళింది. డాక్టరు చూసి చెప్పిన మాటని గౌరి ఇంటికొచ్చి బావకి ఫోన్లోనే చెప్పింది.

"అంగిలి తీసీయాలంట బావా. ఎముకతో సహా. అలాగ సేత్తేనే పేణానికి ఫరవానేదంట. మాట మట్టుకు రాదంట. వచ్చినా మునపట్లాగ ఉండదంట."

చెవి చచ్చినవాడికి ముద్దమాట ఏం వినబడుతుంది? ఆపరేషన్ అయితే అమ్మడి మాట తనకింక లేనట్టే. నూకయ్యకు ఆ లెక్క అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అయినా ఏడవలేదు. మనిషి దక్కుతుంది, అది చాలు అనుకున్నాడు. వారంలో ఆస్పత్రిలో చేరమన్నారు. ఈ వారమంతా కడుపు నిండా వినేద్దామని చెవుల్లోంచి వైరు తియ్యకుండా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అమ్మడు అరుగు మీదికొచ్చి ఫోను చేసింది. కొంగు అడ్డం పెట్టుకుని, నేల చూస్తూ మాట్లాడింది.

"నీకో మాట సెప్పాల. పెళ్ళైన కాణ్ణించి సెప్పనేదు. రేపు నోరు పోతే మరింక సెప్పనేను. ఇను మరి..."

టక్కున ఆగిపోయింది. నూకయ్య ఫోను తెర నల్లబడి, కంపెనీ బొమ్మ వచ్చి, మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. ఈమధ్య దానికో రోగం పట్టింది, కాల్ నడుస్తుండగానే చచ్చి బతుకుతోంది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికే చచ్చింది. మూడోసారి అమ్మడు తొందర తొందరగా అంది: "ఇది నడిమిన తెగిపోయే మాట కాదు. ఫోను బాగు సేయించుకుని రా. అప్పుడే సెప్తాను."

ఏమిటా మాట? నూకయ్య బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. పుట్టిన నెలకే పోయిన పిల్ల గురించా? ఆ పిల్ల పోయినప్పుడు తను బోటు మీదున్నాడు, కబురంది కూడా వెంటనే రాలేదు. తాగొచ్చి చెయ్యి చేసుకున్న రోజుల గురించా? తిట్టినా సరే, శాపం పెట్టినా సరే, వినాలి. ఆవిడ నోటితోనే వినాలి. బతుకంతా నోరు విప్పని మనిషి విప్పుతానంటే చెవి లేకపోతే ఎలా?

తెల్లారి లేచి భోగాపురం పోయాడు. శివాజీ కౌంటరు అవతల నించుని, ఇవతలున్న మావకి ఫోను చేసి మాట్లాడాడు.

"ఈ అప్‌డేట్‌లో రాసున్నాది మావా, కాల్ నడిమిన ఆగిపోతే అది సరిసేత్తాదని. నీ ఫోను రోగానికి మందిదే. కానీ ఎక్కిత్తే రూట్ పోతాది."

"పోతే మళ్ళీ సెయ్యి."

"సెయ్యొచ్చు. మన ఫైలు తీసీసి కంపెనీది పెట్టాల, రూట్ తీసీయాల, అప్‌డేట్ ఎక్కించాల, మళ్ళీ రూట్ సెయ్యాల. ఇంటర్నెట్‌లో సేసినోళ్ళున్నారు. కానీ ఈ కొత్త వెర్షను నాను ఎప్పుడూ సెయ్యనేదు మావా. నాకు దైర్నం సాలటం నేదు. అత్త ఆపరేసనయ్యాక సూద్దుం."

"ఆపరేసనయ్యాక నాకెందుకురా ఫోను?" అన్నాడు నూకయ్య.

శివాజీ అడ్డంగా తలూపాడు. అప్పుడు నూకయ్య అసలు మాట అన్నాడు. "సెడిపోయిన ఇంజనేసుకుని ఏటకెల్తారేట్రా ఎవులైనా? ఒడ్డునున్నప్పుడే ఇప్పీయాల. నడిసంద్రంలో ఆగిపోతే ఎవులొస్తారు? ఇప్పు. నా మాటిను, ఇప్పీ."

బతుకంతా ఆయన నమ్మింది అదొక్కటే. ఏటా వేట నిషేధం వచ్చి బోట్లు ఒడ్డెక్కగానే, బాగున్న ఇంజనునైనా సరే దించి, ముక్క ముక్కా విప్పి, కడిగి, బిగించేవాడు. నూకయ్య విప్పిన ఇంజను నీళ్ళ మీద ఆగిందన్న మాట హార్బరులో ఎవరూ అనలేదు. కానీ విప్పిన బోల్టు విప్పినచోటే బిగుసుకుంటే అది ఇంజను. ఫోను అలా కాదని ఆయనకెవరు చెప్పాలి? చెప్పినవాడి మాట ఆయన వినలేదు. అందులో చెవుల తప్పేమీ లేదు.

శివాజీ దేవుడి పటానికి దణ్ణం పెట్టి మొదలెట్టాడు. ఫైలు తీశాడు, పాతది పెట్టాడు, రూట్ తీశాడు. అప్‌డేట్ నొక్కాడు. ఆకుపచ్చ గీత మెల్లమెల్లగా నిండింది. ఫోను కొత్త రంగులతో లేచింది. కాల్ చేసి చూస్తే ఎంతసేపైనా తెగడం లేదు. ఆ రోగం నిజంగానే కుదిరింది. కాకపోతే నూకయ్య చెవిలో ఇప్పుడు చీమ కూడా చప్పుడు చెయ్యడం లేదు. దానికేముంది, రూట్ చేస్తే వస్తుందిగా అని ఇద్దరూ ధైర్యంగానే ఉన్నారు.

రూట్ అవలేదు. కంప్యూటరుకి తగిలించి ఒకటికి పదిసార్లు చేశాడు. కొత్త తాళం దొంగతాళాలకి లొంగే రకం కాదు. మొండికేసి ఇంకో దారిన పోతే ఫోను కంపెనీ బొమ్మ దగ్గరే ఆగి అక్కడక్కడే తిరుగుతూ కూర్చుంది. ఎలాగో కంపెనీ సాఫ్ట్‌వేరు ఎక్కించి దాన్ని బతికించాడు. పాత వెర్షనుకి వెనక్కి పోదామంటే ఫోను ససేమిరా అంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. అలాంటి ఫోనే ఇంకోటి దొరుకుతుందేమోనని విజయనగరం వెళ్ళి షాపులన్నీ తిరిగాడు. ఆ రకం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. షాపులో ఉన్న, దొంగతాళం పడని వేరే ఫోన్లు చెవిలో పెట్టి చూశారు, స్పీకర్లు పెట్టి చూశారు. చప్పుడు వస్తోంది, మాట రావడం లేదు. చివరికి శివాజీ రెండు చేతులూ జోడించి మావ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నూకయ్య వాణ్ణి చెయ్యి పట్టి లేపాడు. ఏమనగలడు? విప్పమన్నది ఎవరు?

ఇంటికొస్తే అమ్మడు గుమ్మంలోనే నించుని ఉంది. బాగయిందా అన్నట్టు కనుబొమలెగరేసింది. డాక్టరు మాట విన్న దగ్గర్నుంచి ఆ మొహంలో అంత ఆశ చూడలేదు నూకయ్య.

"బాగైపోనాదే" అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. ఇంకో దారి వెతుకుతానని, ఆస్పత్రికి తెచ్చిస్తానని శివాజీ ఫోను తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ మాత్రం ఆశ పట్టుకుని అబద్ధమాడేశాడు. ఫోను శివాజీ ఆస్పత్రికే తెస్తాడన్నాడు గనక అమ్మడు ఆ రోజేమీ చెప్పలేదు. విశాఖలో, అక్కడ చెప్తానని సైగ చేసింది.

ఆస్పత్రిలో చేరారు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. మధ్యాహ్నం శివాజీ వచ్చి ఫోను చేతిలో పెట్టి, మావ మొహం చూడకుండా మెట్లు దిగిపోయాడు. నూకయ్యకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

సాయంత్రం, చూడ్డానికొచ్చేవాళ్ళని లోపలికి వదిలే వేళ. గౌరి వేణ్ణీళ్ళకి కిందికెళ్ళింది. అమ్మడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన బటన్ల ఫోను తీసి, ఎత్తు అన్నట్టు చూసింది. నూకయ్య వైర్లు చెవుల్లో పెట్టుకున్నాడు. ఎత్తాడు.

మూతపెట్టిన డబ్బాలో ఈగ తిరిగినట్టు సన్నగా ఏదో ఉంది. లేస్తోంది, పడుతోంది. మాట లేదు. పెదాలు చూద్దామంటే కొంగు అడ్డం.

అప్పుడు చెప్పాల్సింది. వినపడటం లేదే అని ఆ ఒక్క ముక్క అప్పుడే అనేసి ఉంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. కానీ అమ్మడు తలెత్తి ఆయన కళ్ళలోకి చూస్తోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు.

"ఊఁ" అన్నాడు నూకయ్య.

అమ్మడు చెప్పుకుపోయింది. ఆవిడ ఆగినప్పుడల్లా ఆయన ఊఁ కొట్టాడు. ఒకచోట ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి, ఆయన తల దించుకున్నాడు. ఒకచోట నవ్వింది, ఆయనా కాస్త ఆలస్యంగా నవ్వాడు. పక్క మంచం మీద తవిటమ్మని నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే ముసలమ్మ ఒకావిడ, ఇటు తిరిగి పడుకుని వింటూ, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ ముసలిదానికున్న చెవులు దేవుడు తనకు ఒక్క పూట ఇవ్వకూడదా అనుకున్నాడు నూకయ్య.

చాలాసేపటికి అమ్మడు ఆగింది. ఏదో అడిగినట్టుంది. జవాబు కోసం చూస్తోంది.

"అలాగేలేయే" అన్నాడు నూకయ్య.

అమ్మడి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. ఫోను పక్కన పెట్టి, అంతమందిలో, ఆయన తల మీద చెయ్యేసి నిమిరింది. తర్వాత అటు తిరిగి హాయిగా నిద్రపోయింది. నూకయ్య వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

పొద్దున్న లోపలికి వెళ్ళేసరికి అమ్మడు ఇంటినుంచి తెచ్చుకున్న చీర కట్టుకుని, మూట కట్టుకుని, చెప్పులేసుకుని నించుని ఉంది. నర్సు అరుస్తోంది. గౌరి అక్క చెయ్యి పట్టుకుని లాగుతోంది. నూకయ్యను చూడగానే గౌరి కొట్టినంత పని చేసింది. మూట చూపించింది, గుమ్మం చూపించింది, తన గొంతు మీద చెయ్యడ్డంగా ఆడించింది, అక్కను చూపించి, ఆయన గుండె మీద వేలెట్టి పొడిచింది. నువ్వే! నువ్వే అన్నావట! కోయించుకోవద్దు, ఇంటికి పోదాం అంటే అలాగే అన్నావట!

అమ్మడు వచ్చి ఆయన పక్కన నించుంది. మా ఆయన నా పక్షమే అన్నట్టు నర్సు వంక చూసింది. ఊరుకుంటే మనిషి చస్తుంది. నోరు విప్పితే నిన్న చెప్పిందంతా గాలికి చెప్పిందని తెలుస్తుంది.

"నాకినపళ్ళేదే!" అన్నాడు. చెవిటివాడి గొంతు, వార్డంతా మోగింది. "ఒక్క ముక్క ఇనపళ్ళేదే! ఫోను సచ్చిపోనాదే! ఉత్తినే ఊఁ కొట్టినాను! ఆపరేసను సేయించుకోవే, నీ కాళ్ళట్టుకుంతాను!"

అమ్మడు ఆయన మొహం చూసింది. మెళ్ళో వేలాడుతున్న వైర్లు చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఒక్కటి అడిగింది, మొగుడు ఇచ్చాడనుకుంది. ఇచ్చిందీ లేదు, విన్నదీ లేదు. మెల్లగా మంచం మీద కూర్చుని మూట ముడి విప్పడం మొదలెట్టింది.

"మళ్ళీ సెప్పవే. గౌరితోనైనా సెప్పు. అది నాకు సైగ సేత్తాది. సెప్పవే అమ్మడూ."

గౌరి అడిగింది. అమ్మడు కొంగు చాటునుంచి ఏదో చిన్న మాటంది. గౌరి బావ వైపు తిరిగి ఖాళీ చెయ్యి తిప్పింది. ఏమీ లేదంటోంది. చక్రాల బల్ల మీద ఆపరేషన్‌కి తోసుకుపోతుంటే నూకయ్య తలుపు దాకా పక్కనే నడిచాడు. అమ్మడు పైకప్పు చూస్తూ పోయింది.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి గౌరితో మాట్లాడాడు. గౌరి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, బావకి బాగుందని సైగ చేసింది. మనిషి దక్కింది. నూకయ్య ఆ మాటకి తలూపి, నేరుగా వార్డులోకి నడిచి తవిటమ్మ మంచం దగ్గర నించున్నాడు.

"అమ్మా, నీకినపడ్డాది గదా నిన్న? నా ఇల్లాలు ఏటన్నాదమ్మా నాతోటి?"

తవిటమ్మ లేచి కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలెట్టింది. పెదాలు గబగబా ఆడుతున్నాయి, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. నూకయ్య వంగి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ నోట్లోకి చూస్తూ నించున్నాడు. ఒక్క ముక్క దొరకలేదు. పరుగెత్తుకెళ్ళి గౌరిని లాక్కొచ్చాడు.

"నువ్వినవే. ఇని నాకు సెప్పు."

తవిటమ్మ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. గౌరి నించుని వింటూ ఉంటే, సగంలోనే దాని మొహం మారిపోయింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, గోడకి జారబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. నూకయ్య దాని భుజం పట్టి కుదిపాడు. "సెప్పవే. నా తల్లి గదా, సెప్పు."

గౌరి కళ్ళు తుడుచుకుని ఆయన ఎదుటికొచ్చింది. సైగ చెయ్యడానికి రెండు చేతులూ పైకెత్తింది. ఆకలీ దాహం, రమ్మూ పొమ్మూ, జ్వరమూ తలనొప్పీ అన్నీ చెప్పే చేతులవి. కాసేపు అలాగే గాల్లో ఉంచి, ఎక్కడ మొదలెట్టాలో తెలియక దించేసింది.

తన పెళ్ళాం తనకు చెప్పిన మాట ఆ వార్డులో ఇద్దరాడవాళ్ళకి తెలుసు. నూకయ్య ఒకసారి ఈవిడ మొహం, ఒకసారి ఆవిడ మొహం చూస్తూ వాళ్ళ మధ్య నించున్నాడు.